ఆటిజం పరిశోధనలో ఆటిజం ఉన్నవాళ్ళ భాగస్వామ్యం: ప్రశ్నావళి ఖరారు కాకముందే పిలవండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. బెంగళూరులో సైకాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నారు. ఆటిజం ఉన్న పెద్దవాళ్ళు ఉద్యోగాల్లో ఎలా నిలదొక్కుకుంటున్నారన్నది మీ అంశం. ప్రశ్నావళి దాదాపు సిద్ధమైంది. ఈమధ్య జర్నల్స్ వాళ్ళు అడుగుతున్నారు కాబట్టి ఆటిజం ఉన్నవాళ్ళను ఒకరిద్దరిని సలహా బృందంలో వేసుకోమని మీ గైడ్ చెప్పారు. వాళ్ళను ఎక్కడ వెతకాలి, వాళ్ళతో ఏ పని చేయించాలి అని అడిగారు. మీరు కలిసిన తల్లిదండ్రులేమో "వాడికేం తెలుస్తుందండీ, మమ్మల్ని అడగండి" అంటున్నారని కూడా రాశారు.

నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని. సొంతూరు కర్నూలు, ఉండేది చాలా ఏళ్ళుగా బెంగళూరులోనే. ఆటిజం ఉన్న పెద్దవాళ్ళు, పరిశోధకులు కలిసి పనిచేసే ఒక చిన్న బృందానికి సమన్వయకర్తగా ఉన్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

"ప్రశ్నావళి దాదాపు సిద్ధమైంది" అన్నారు చూడండి, అక్కడ ఆగండి. పరిశోధనలకు అనుమతి ఇచ్చే ఎథిక్స్ కమిటీకి ఇంకా పంపలేదు కాబట్టి సమయం మించిపోలేదు. అన్నీ ఖరారయ్యాక ఇద్దరిని పిలిచి "ఎలా ఉంది?" అని అడిగితే, వాళ్ళు మర్యాదకు బాగుందంటారు, మీరు రిపోర్టులో ఒక వాక్యం రాసుకుంటారు, అంతటితో అయిపోతుంది. ఏం అడగాలన్నది తేల్చే దగ్గరే వాళ్ళు ఉండాలి. మిగతావన్నీ దాని తర్వాతే.

ఎందుకంత పట్టుబడుతున్నానో చెబుతాను. ఆటిజం ఉన్నవాళ్ళకు ఎదుటివారి మనసు అర్థం కాదు అన్న ఊహ మీదే పరిశోధన దశాబ్దాల పాటు నడిచింది. పరీక్షలన్నీ వాళ్ళకే. ఎదుటివాడికి వీళ్ళు ఎంతవరకు అర్థమవుతున్నారని కొలిచినవాళ్ళు దాదాపు లేరు. 2012లో డేమియన్ మిల్టన్ అనే బ్రిటిష్ సామాజికశాస్త్రవేత్త ఈ ఇబ్బంది రెండు వైపులా ఉందని వాదించాడు. అతనికీ ఆటిజం ఉంది. 2020లో కేథరిన్ క్రాంప్టన్ బృందం దీన్ని ఒక తేలికైన పద్ధతిలో పరీక్షించింది. ఎనిమిది మందిని వరుసగా పెట్టి, మొదటివాళ్ళకు ఒక కథ చెప్పి, ఒకరి నుంచి ఒకరికి చేరవేయమన్నారు. అందరూ ఆటిజం ఉన్నవాళ్ళే అయిన వరుసలో కథ ఎంత నిలిచిందో, అందరూ ఆటిజం లేనివాళ్ళే అయిన వరుసలోనూ అంతే నిలిచింది. రెండు రకాలవాళ్ళనూ కలిపిన వరుసలోనే ఎక్కువ జారిపోయింది. ఆటిజం ఉన్న ఒక మనిషి ప్రశ్నను తిరగేసి అడిగాడు కాబట్టే ఇటువంటి ప్రయోగం చేయాలన్న ఆలోచన బలపడింది.

ఇంకో ఉదాహరణ. ఏళ్ళ తరబడి అందరిలా ఉన్నట్టు నెట్టుకొచ్చి, ఒక దశలో ఒళ్ళూ మనసూ పూర్తిగా అరిగిపోయి, అంతకుముందు చేయగలిగిన పనులు కూడా చేయలేకపోవడం గురించి ఆటిజం ఉన్న పెద్దవాళ్ళు తమలో తాము చాలాకాలంగా చెప్పుకుంటూనే ఉన్నారు. శాస్త్రం దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఆటిజం ఉన్న పరిశోధకులు డోరా రేమేకర్ నాయకత్వంలో 2020లో వచ్చిన అధ్యయనం దానికి ఒక నిర్వచనం ఇచ్చింది. ఆ పని చేసిన ఆస్పైర్ బృందం అమెరికాలో 2006 నుంచి నడుస్తోంది. అందులో ప్రొఫెసర్లు, ఆటిజం ఉన్నవాళ్ళు సమాన హోదాలో కూర్చుంటారు. మీ అంశం ఉద్యోగాలు కాబట్టి ఈ అధ్యయనం తప్పకుండా చదవండి. ఉద్యోగం మానేసినవాళ్ళలో ఎంతమంది పని చేతకాక మానేశారు, ఎంతమంది ఇలా అరిగిపోయి మానేశారు అన్న ప్రశ్న మీ ప్రశ్నావళిలో ఉందా, చూసుకోండి.

మా బృందంలో జరిగిందొకటి చెబితే మీకు పని ఎలా సాగుతుందో తెలుస్తుంది. ఒక ముసాయిదాలో "ఆఫీసులో తోటి ఉద్యోగులతో సులువుగా కలిసిపోతారా? 1 నుంచి 5 వరకు మార్కు ఇవ్వండి" అని ఉంది. వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే ఒకబ్బాయి ఆ ప్రశ్నకు మార్కు వేయలేదు. పక్కన మార్జిన్‌లో "ఏ గదిలో? ఎంతమందితో? అప్పుడు ఏసీ మోగుతోందా?" అని రాశాడు. ఒక్క అంకెతో జవాబు చెప్పలేనని అతని ఉద్దేశం. చిన్న గదిలో ఇద్దరితో అయితే అతనికి 5, క్యాంటీన్‌లో అయితే 1. సగటు తీస్తే 3, ఆ 3 అతని గురించి ఏ నిజమూ చెప్పదు. ఆ ఒక్క ప్రశ్నను విడదీసి, చోటు, మనుషుల సంఖ్య, శబ్దం వేర్వేరుగా అడిగాం.

అదే బృందంలో ఒక తెలుగమ్మాయి ఉంది. చిన్నప్పుడు ఎవరో "ఇంట్లో ఒకే భాష మాట్లాడండి, ఇంగ్లీషే మాట్లాడండి" అని చెబితే ఇంట్లో తెలుగు ఆపేశారట. ఇప్పుడు ఊరికి వెళ్తే అవ్వతో నాలుగు మాటలు కూడా మాట్లాడలేకపోతోంది. రెండు భాషల మధ్య పెరిగితే ఆటిజం ఉన్న పిల్లలకు మాటలు మరింత ఆలస్యమవుతాయన్న భయానికి ఆధారం లేదని ఇప్పటికి పలు అధ్యయనాలు చూపించాయి. అయినా బెంగళూరులో ఇప్పటికీ తెలుగు ఇళ్ళకు ఆ సలహా అందుతూనే ఉంది, నాకు చాలా బాధగా ఉంటుంది. ఆమె అడగమన్న ప్రశ్న ఏమిటంటే, "పని చెప్పేది ఏ భాషలో, టీ దగ్గర కబుర్లు ఏ భాషలో, మధ్యలో భాష మారితే మీకు ఏమవుతుంది?" మీటింగ్ ఇంగ్లీషులో మొదలై కన్నడలోకి, అక్కణ్ణుంచి హిందీలోకి జారే ఆఫీసులు ఈ ఊళ్ళో ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. విదేశీ ప్రశ్నావళిని తెచ్చి వాడితే ఈ ప్రశ్న ఎప్పటికీ రాదు.

ఇప్పుడు చట్టం. మీ గైడ్‌కి ఇది చూపించండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. ఆ చట్టం 6వ సెక్షన్ ప్రకారం వైకల్యం ఉన్న వ్యక్తి మీద పరిశోధన చేయాలంటే రెండు కావాలి. ఒకటి, ఆ వ్యక్తికి అందుబాటులో ఉండే పద్ధతుల్లో విషయం చెప్పి, స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి తీసుకోవాలి. రెండు, ప్రభుత్వం ఏర్పాటుచేసే వైకల్య పరిశోధన కమిటీ ముందస్తు అనుమతి ఉండాలి. ఆ కమిటీలో కనీసం సగం మంది వైకల్యం ఉన్నవాళ్ళో, వాళ్ళ రిజిస్టర్డ్ సంస్థల సభ్యులో అయి ఉండాలి. నేను చూసిన ప్రతిపాదనల్లో చాలావాటిలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల పేరు ఉంటుంది, ఈ సెక్షన్ పేరు ఉండదు. మీ సంస్థ ఎథిక్స్ కమిటీ కార్యదర్శికి ఒక ఉత్తరం రాసి, రెండో షరతును మనం ఎలా నెరవేరుస్తున్నామని అడగండి. జవాబు కాగితం మీద తీసుకోండి.

సమ్మతి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే తొందరపాటు ఎక్కువగా జరిగేది ఇక్కడే. పద్దెనిమిదేళ్ళు నిండిన మనిషి తరఫున తల్లి సంతకం తీసుకుని పని కానిచ్చేయడం కుదరదు. చట్టబద్ధంగా గార్డియన్ ఉన్నా, ఆ మనిషిని అడగడం తప్పదు. మేం చేసే పద్ధతి ఇది. సమాచార పత్రంలో పేజీకి ఒక్క విషయమే. కూర్చోబోయే గది ఫోటో, మాట్లాడబోయే మనిషి ఫోటో, ఎంతసేపు, రికార్డింగ్ ఉంటుందా, దాన్ని ఎవరు వింటారు, ఎప్పుడు చెరిపేస్తారు. తెలుగు, కన్నడ, ఇంగ్లీషు, ఏది కావాలంటే అది. వారం ముందే పంపుతాం. అక్కడికక్కడ చేతికిచ్చి సంతకం పెట్టమనం. కూర్చున్న ప్రతిసారీ మళ్ళీ అడుగుతాం.

మాటలు లేనివాళ్ళు "వద్దు" అని ఎలా చెబుతారన్నది ముందే తెలుసుకుని ప్రోటోకాల్‌లో రాసిపెట్టుకోవాలి. ఒకతను ట్యాబ్‌ను మెల్లగా అవతలికి తోస్తాడు. ఇంకొకతను లేచి చెప్పులేసుకుంటాడు. ఒకసారి అలా చెప్పులేసుకుంటే వాళ్ళమ్మ "వాడంతే మేడమ్, ఊరికే చేస్తాడు, మీరు కానివ్వండి" అన్నారు. మా ప్రోటోకాల్‌లో చెప్పులంటే "ఆపండి" అని రాసి ఉంది, కాబట్టి ఆపేశాం. తర్వాతి వారం అతనే వచ్చి కూర్చున్నాడు. వద్దంటే నిజంగా ఆపుతారని తెలిస్తేనే, సరేనన్న మాటకు విలువ ఉంటుంది.

నోటి మాటకు బదులు బొమ్మలో, పదాలో చూపించి చెప్పే కమ్యూనికేషన్ బోర్డులు, యాప్‌లు వాడేవాళ్ళు ఉంటే ఇంకో జాగ్రత్త. చెన్నైలో తయారైన ఆవాజ్ లాంటి యాప్ కావచ్చు, చేత్తో అతికించిన బొమ్మల అట్ట కావచ్చు, ముందు అందులో ఏయే మాటలు ఉన్నాయో చూడండి. నేను చూసిన ఒక అట్టలో నీళ్ళు, ఇడ్లీ, టాయ్‌లెట్, పార్కు, అమ్మ, కారు, నొప్పి ఉన్నాయి. "నాకు ఇది నచ్చలేదు", "మీ ప్రశ్న తప్పు", "తర్వాత చెబుతా", "ఇది చెప్పను" లేవు. అటువంటి అట్టతో వచ్చిన మనిషి మీ ప్రతిపాదనను ఎలా కాదంటాడు? ముందుగా ఆ మాటలు చేర్చండి, వాటిని వాడడం అలవాటయ్యేదాకా సమయం ఇవ్వండి. అలాగే, ఎవరో చెయ్యి పట్టుకుని అక్షరాలు చూపించే పద్ధతిలో వచ్చే మాటలు చెయ్యి పట్టుకున్నవాళ్ళవేనని నియంత్రిత పరీక్షల్లో మళ్ళీ మళ్ళీ తేలింది. ఆ మనిషి తనంతట తాను చూపించేదాన్నే లెక్కలోకి తీసుకోండి, ఎంత నెమ్మదిగా అయినా సరే.

తల్లిదండ్రుల సంగతి. "వాడికేం తెలుస్తుంది" అన్న మాట విని వాళ్ళ మీద కోపం తెచ్చుకోకండి. ఈ దేశంలో ఆటిజం గురించి ఎవరూ నోరెత్తని రోజుల్లో స్కూళ్ళు పెట్టిందీ, ఆఫీసుల చుట్టూ తిరిగిందీ తల్లిదండ్రులే. ఢిల్లీలో 1991లో యాక్షన్ ఫర్ ఆటిజం మొదలుపెట్టిన మెరీ బరువా కూడా ఒక తల్లే. పైగా ఒక్కో ఇల్లు ఎన్ని మోసాలు చూసి ఉంటుందో ఊహించండి. ఆటిజానికి స్టెమ్ సెల్ చికిత్సను సిఫార్సు చేయడం లేదని జాతీయ వైద్య కమిషన్ ఎథిక్స్ బోర్డు 2022లో చెప్పింది. అప్పటికే దానికోసం పొలాలమ్మినవాళ్ళు నాకు తెలుసు. అందుకే పరిశోధన అనగానే కొందరికి ఆశ, కొందరికి భయం. మొదటి ఫోన్‌లోనే "ఇది వైద్యం కాదు, దీనివల్ల మీ అబ్బాయికి నయమయ్యేదంటూ ఏమీ ఉండదు" అని స్పష్టంగా చెప్పండి. ఆ తర్వాత తల్లిదండ్రులను వాళ్ళ జీవితం గురించి అడగండి: రాత్రి నిద్ర, డబ్బు, తమ తర్వాత ఎవరన్న బెంగ. ఆ జవాబులు వేరే ఫైల్‌లో ఉంచండి. కొడుకు ఉద్యోగంలో ఏది కష్టమన్నది కొడుకునే అడగండి. తల్లి చెప్పింది, కొడుకు చెప్పింది ఒకదానికొకటి పొంతన లేకపోతే, అందులో ఏది సరైనదో మీరు తేల్చనక్కర్లేదు. రెండూ రాయండి.

ఎవరిని పిలవాలి అన్నారు. బెంగళూరులో సులువుగా దొరికేది ఇంగ్లీషు బాగా వచ్చి, ఐటీలో ఉద్యోగం చేసే మగపిల్లలు. ఇద్దరినే తీసుకుంటే ఆ ఇద్దరూ వాళ్ళే అవుతారు. కనీసం ఐదారుగురు ఉండాలి. వాళ్ళలో ముప్పై దాటాక రోగనిర్ధారణ అయిన ఆడవాళ్ళు, మాటలు తక్కువ ఉన్నవాళ్ళు, ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్ళు ఉండేలా చూడండి. రాయలసీమ నుంచి వచ్చి కేఆర్ పురం వైపు అద్దె ఇళ్ళలో ఉంటూ, కూలి పనులు చేసుకునే కుటుంబాల్లోనూ ఆటిజం ఉన్న పెద్దపిల్లలున్నారు. వాళ్ళు మీ వాట్సాప్ పోస్టర్ చూడరు. స్పెషల్ స్కూళ్ళు, ప్రభుత్వాసుపత్రులు, మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ లాంటి చోట్లకు సంస్థ లెటర్‌తో వెళ్ళి, కౌంటర్లో ఉండే సోషల్ వర్కర్‌తో మాట్లాడండి. వైకల్య ధ్రువపత్రం ఉంటేనే తీసుకుంటామన్న నిబంధన పెట్టకండి. ధ్రువపత్రానికి మన దగ్గర వాడే ఐఎస్ఏఏ అనే ఆటిజం అంచనా పట్టికలో 40 అంశాలకు మార్కులు వేసి, 70 వస్తేనే ఆటిజం అంటారు. చిన్నప్పుడు ఎవరూ గుర్తించని, ఇన్నేళ్ళుగా తమను తాము దాచుకుని బతికిన ఆడవాళ్ళ దగ్గర ఆ కాగితం ఉండడం అరుదు.

మీటింగ్ గురించి. ఉదయం పదింటికి అవుటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్ దాటుకుని, ట్యూబ్‌లైట్ల కింద, పన్నెండు మంది చుట్టూ కూర్చునే గదిలోకి రమ్మంటే సగం మంది అక్కడికి చేరేసరికే అలసిపోతారు. ఏం మాట్లాడబోతున్నారో ముందే పంపండి. ఆన్‌లైన్ అయితే కెమెరా పెట్టాలని బలవంతం వద్దు, చాట్‌లో రాసినా మాట్లాడినట్టే. "మీరేమనుకుంటున్నారు?" అని అడిగితే చాలామందికి టెన్షన్, ఎక్కడ మొదలుపెట్టాలో తెలీదు. "ఈ ప్రశ్న ఉంచాలా, తీసేయాలా, మార్చాలా? మార్చాలంటే ఎలా?" అని అడగండి. మీటింగ్ అయ్యాక ఒక వారం జవాబులకు తలుపు తెరిచే ఉంచండి. మాకు వచ్చే మంచి సూచనల్లో చాలా భాగం మీటింగ్ అయిన రెండు మూడు రోజులకు, అర్ధరాత్రి మెయిల్‌లో వస్తాయి.

డబ్బు. ఇది మొహమాటపడే విషయం కాదు. ప్రశ్నావళికి జవాబు చెప్పే పార్టిసిపెంట్లకు వాళ్ళ సమయానికి, ఖర్చులకు చెల్లించవచ్చని ఐసీఎంఆర్ మార్గదర్శకాలే చెబుతాయి. మీతో కూర్చుని ప్రశ్నలు తయారుచేసేవాళ్ళు అంతకన్నా వేరు, వాళ్ళు మీ సహచరులు. గెస్ట్ లెక్చర్‌కి వచ్చే నిపుణుడికి మీ డిపార్ట్‌మెంట్ ఎంతిస్తుందో వీళ్ళకీ అంతే ఇవ్వండి. సర్టిఫికెట్, కాఫీ మగ్ ఇచ్చి సరిపెట్టకండి. అకౌంట్స్ సెక్షన్ వాళ్ళు పాన్, బ్యాంకు ఖాతా, బిల్లు అడుగుతారు. చాలామంది ఖాతా అమ్మానాన్నలతో కలిపి ఉంటుంది, కొందరికి పాన్ ఉండదు. నెలాఖరులో గొడవ పడకుండా మొదటి వారంలోనే ఇవి సర్దుకోండి. ఆటో ఛార్జీలు అదే రోజు చేతికివ్వండి.

వాళ్ళ మాటకు ఎంత బలం ఉందో కూడా ముందే కాగితం మీద పెట్టండి. ఏది మార్చవచ్చు, ఏది గ్రాంట్ షరతుల వల్ల మార్చలేం అని. ప్రతి సూచన పక్కన "తీసుకున్నాం" లేదా "తీసుకోలేదు, కారణం ఇది" అని రాసి అందరికీ తిరిగి పంపండి. ఈ పని చేయకపోతే ఏమవుతుందో 2021లో బ్రిటన్‌లో చూశాం. పదివేల మంది డీఎన్ఏ సేకరించాలని స్పెక్ట్రమ్ 10కే అనే భారీ అధ్యయనం ఆగస్టులో మొదలైంది. మా డీఎన్ఏతో ఏం చేస్తారు, మమ్మల్ని ముందే ఎందుకు అడగలేదని ఆటిజం ఉన్నవాళ్ళు పెద్దయెత్తున నిలదీశారు. సెప్టెంబరులోనే దాన్ని నిలిపివేసి సంప్రదింపులు మొదలుపెట్టాల్సి వచ్చింది. పెద్ద పేర్లు, పెద్ద నిధులు కూడా ఆ నమ్మకాన్ని కొనలేకపోయాయి.

పేపర్ వచ్చేటప్పుడు రచయితల పేర్ల విషయం. రాతలో, విశ్లేషణలో పాలుపంచుకున్నవాళ్ళకు ఆ అవకాశం ఇవ్వాల్సిందే. కానీ పేరు వేస్తే తనకు ఆటిజం ఉందని ఆఫీసులో తెలిసిపోతుందని, పెళ్ళి సంబంధాలకు అడ్డమని భయపడేవాళ్ళుంటారు. ఒక్కొక్కరినీ విడిగా అడగండి, ప్రచురణకు ముందు మళ్ళీ అడగండి. ఫలితాలు తెలుగు, కన్నడల్లో రెండు పేజీలకు మించకుండా రాసి, జర్నల్ కన్నా ముందు కాకపోయినా అదే వారంలో వాళ్ళకు అందించండి.

ఇప్పుడు మీరు చేయాల్సింది, గైడ్‌తో మాట్లాడి ఎథిక్స్ కమిటీకి పంపడాన్ని ఒకట్రెండు నెలలు వెనక్కి జరపడం. 6వ సెక్షన్ ప్రింటు తీసుకెళ్ళండి, కారణం అడిగితే అదొక్కటే సరిపోతుంది. ఆ తర్వాత మీ ముసాయిదా ఇక్కడ పెట్టండి. మా బృందంలోవాళ్ళను అడిగి చూస్తాను. ఒప్పుకున్నవాళ్ళు చదివి చెబుతారు. వాళ్ళ సమయానికి ఎంత ఇవ్వగలరో మాత్రం ముసాయిదాతో పాటే రాయండి.